మేలుకొలుపు, జోల

తెప్పపేటలో ఎవరు నిద్ర లేచినా ముందు చేసే పని, గుమ్మం పక్కన నీళ్ళలోకి వేలాడే ఉప్పుమీటరు చూసుకోవడం. ముల్లు ఎర్రగీత దగ్గరకు వస్తే ఆ పూట తాగునీళ్ళ యంత్రం మెల్లగా నడుస్తుంది. ఇంకా జరిగితే పళ్ళాల్లో పెంచే వరినారు మాడిపోతుంది. ఊరంతా తెప్పల మీదే. పీపాలూ వెదుళ్ళూ పాత విమానాల రేకులూ కలిపి కట్టిన ఆ తెప్పల కింద ఒకప్పుడు పొలాలుండేవట. 2127 నాటికి వాటిని కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు. సముద్రం లోపలికి వచ్చి గోదావరికీ కృష్ణకూ మధ్యనున్న పల్లాన్నంతా ముంచేశాక మిగిలిన ఆ నీటిలో సముద్రమంత ఉప్పు లేదు, చెరువంత తీపీ లేదు. జనం దాన్ని కలుపునీళ్ళు అనేవారు.

నీళ్ళకు అవతల, కంటికి ఆనే దూరంలో ఇలాంటిదే ఇంకో ఊరు, రేవుగడ్డ. రెండూళ్ళకూ సరిగ్గా నడుమ ఒక పెద్ద ఓడ లంగరు వేసి ఉండేది. పేరు గుడ్లపడవ. అందులో చేపపిల్లలను పుట్టించేవారు.

ఆ పడవకు ఇద్దరు శాస్త్రవేత్తలు. డాక్టర్ కాదంబరిది తెప్పపేట. చిన్నప్పుడు తుపానులో అమ్మానాన్నలు పోతే మేనమామ త్రిమూర్తులు పెంచాడు. ఇప్పుడాయనే తెప్పపేటకు పెద్ద. డాక్టర్ అమృతరావుది రేవుగడ్డ. ఆ ఊరిపెద్ద మంగతాయారు అతనికి సొంత అక్క. ఇద్దరూ పదేళ్ళుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేస్తున్నారు. ఎంత చనువున్నా ఒకరినొకరు 'గారూ' అనకుండా పిలుచుకోలేదు.

వారానికొకసారి పడవ మీద చేపల పంపకం జరిగేది. త్రిమూర్తులు ఒకవైపు, మంగతాయారు ఒకవైపు పీటలు వేసుకుని కూర్చునేవారు. నీకొకటి, నాకొకటి. చివరికి ఒక్క శీలావతి చేప మిగిలితే దాన్ని తలనుంచి తోకదాకా నిలువునా కోసి పంచుకునేవారు. ఆ పంపకంలో ఏనాడూ మాట తేడా రాలేదు. ఒక ఊరు పస్తుంటే రెండో ఊరు పడవను నడపలేదని ఇద్దరికీ తెలుసు.

అంత కరువు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే మగచేప కడుపులో ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి.

మగచేప పాలలో కోట్ల శుక్రకణాలుంటాయి. చేప ఒంట్లో ఉన్నంతసేపూ అవి కదలవు. నిద్రపోతుంటాయి. మంచినీళ్ళలో పడగానే చుట్టూ ఉప్పు ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ అదురుకు అవి మేలుకుంటాయి. వాటి తోకలో డైనీన్ అనే ఎంజైమ్ ఉంటుంది. కణంలో ఇంధనంగా దాచి ఉంచిన ఏటీపీ అణువులను అది ఒక్కొక్కటిగా విరిచి, వచ్చిన శక్తితో తోకను కొరడాలా ఆడిస్తుంది. ఇంధనం కొంచెమే. ఖర్చయినదాన్ని తిరిగి నింపడానికి క్రియేటిన్ కైనేజ్ అనే మరో ఎంజైమ్ పాటుపడుతుంది గానీ ఎంతోసేపు నిలబడలేదు. అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. ఈలోగా గుడ్డు మీదున్న ఒకే ఒక్క సూదిబెజ్జం దొరికితే చేపపిల్ల, దొరక్కపోతే చావు.

కలుపునీళ్ళలో ఈ లెక్క మొత్తం తప్పింది. అక్కడి ఉప్పు, చేప ఒంట్లోని ఉప్పుతో దాదాపు సమానం. అదురు లేదు గనుక శుక్రకణాలు మేలుకోవు. ఏ కొన్నో మేలుకున్నా నీళ్ళ వేడికి ఇంధనం మూడు నాలుగు తోక విసుర్లలోనే మండిపోతుంది. అందుకే బయట చేప పుట్టడం ఆగిపోయింది. పడవలో శుద్ధిచేసిన కాసిని మంచినీళ్ళలో పుట్టినవే రెండూళ్ళకూ ఆధారం.

కాదంబరి కనిపెట్టిన ఎంజైమ్ పేరు మేలుకొలుపు. పేరు పెట్టింది అమృతరావు. అది రెండు పనులు చేసేది. ఉప్పు తగ్గకపోయినా, చేప ఒంట్లోంచి బయటపడగానే శుక్రకణాన్ని నిద్రలేపేది. ఆ తర్వాత ఖర్చయిన ఏటీపీని ఖర్చయినంత వేగంగానే తిరిగి అతికించేది. దాన్ని తయారుచేసే జన్యువును మగచేపల్లో ప్రవేశపెడితే కొడుకులకూ మనవలకూ తనంతట తానే అందుతుంది. తొలి పరీక్షనాడు సూక్ష్మదర్శినిలో చూస్తూ ఇద్దరూ అర నిమిషం ఊపిరి బిగబట్టారు. నిమిషం దాటింది. పది నిమిషాలు దాటాయి. అమృతరావు లేచి టీ పెట్టుకొచ్చాడు. టీలు తాగడం అయ్యాక కూడా అవి ఈదుతూనే ఉన్నాయి. గంట తర్వాత గానీ చివరి తోక ఆగలేదు.

"కాదంబరిగారూ, వీటికి మనం ఒక జీవితం ఇచ్చామండి," అన్నాడతను.

ఆమె కళ్ళు తుడుచుకుని, ముందు మావయ్యకు కబురు చేయమంది.

*

రెండు వానాకాలాలు గడిచేసరికి కలుపునీళ్ళు చేపలతో కదలసాగాయి. పిల్లలు గుమ్మంలో కూర్చుని బుట్టతో ముంచితే చేప పడేది. ఎండబెట్టే తాళ్ళు చాలక జనం ఇళ్ళ కప్పుల మీద ఆరబెట్టారు. పంపకం పీటలు మూలనపడ్డాయి. పంచుకోవలసిన అవసరమేముంది?

గీతలు మొదలైంది ఆ తర్వాతే. మొదట రేవుగడ్డవాళ్ళు తమ మగచేపలను వేరే వలగదుల్లో పెట్టుకున్నారు. తెప్పపేటవాళ్ళూ అదే చేశారు. ఎవరి చేపలు వాళ్ళవైతే ఎవరి నీళ్ళు వాళ్ళవి కావాలి కదా. నీళ్ళ మీద గీత గీయడానికి తేలే ఎర్ర బుడ్లు కట్టారు. బుడ్ల కిందనుంచి చేపలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఇటు వచ్చినది ఎవరిదని గొడవ. ఒకరోజు బుడ్డ దాటి వల లాగుతున్న రేవుగడ్డ మనిషిని తెప్పపేట కుర్రాళ్ళు పడవకేసి కొట్టారు. వల వదలమంటే వదల్లేదని చేపలు కోసే కత్తితో అతని మణికట్టు నరికారు. చెయ్యి వలలోనే ఉండిపోయింది. అతను తెడ్డు వెయ్యలేక, రక్తం ఆగక, రేవుగడ్డ కనబడుతుండగానే పడవలో చచ్చిపోయాడు. నాలుగో రోజుకు తెప్పపేటలో ఒకడి గొంతులో బల్లెం దిగింది.

గుడ్లపడవ మీద ఆ ఇద్దరూ మాత్రం పని ఆపలేదు. ఆ రోజుల్లోనే అమృతరావు ఒక మధ్యాహ్నం సూక్ష్మదర్శిని దగ్గరనుంచి తల ఎత్తి, వచ్చి చూడమన్నాడు.

రెండూళ్ళ మగచేపల పాలు కలిపిన చుక్క అది. మొదటి నిమిషాలలో అన్నీ మామూలుగానే పరుగెత్తాయి. పది నిమిషాలు దాటాక ఈత తీరు మారింది. కొన్ని కణాలు గుడ్డువైపు వెళ్ళడం మానేసి, పక్క కణాలను ఆనుకుని తిరుగుతున్నాయి. ఆనుకున్నచోట తోక తెగిపోతోంది. తెగిన తోక కాసేపు తనంతట తను కొట్టుకుని ఆగిపోతోంది.

కారణం వెతకడానికి వాళ్ళకు వారం పట్టింది. శుక్రకణంలో ప్రోటియేజ్ అనే కత్తెర ఎంజైమ్ ఒకటుంటుంది. మాంసకృత్తులను ముక్కలు చేయడం దాని పని. చేప పాలలోనే దానికి పగ్గం వేసే పదార్థం కూడా ఉంటుంది. నీళ్ళలో పడ్డాక ఆ పగ్గం మెల్లమెల్లగా కడుక్కుపోతుంది. అర నిమిషపు బతుకులో అది పూర్తిగా ఊడే వ్యవధి లేదు. ఇప్పుడు గంట బతుకు వచ్చింది, పగ్గం ఊడింది. తన వంశపు కణాలను ఆ కత్తెర ముట్టదు, ఎదుటి వంశాన్ని వదలదు. రెండు వంశాలూ నరుక్కుంటున్నాయి గానీ రేవుగడ్డ వంశానిది కొంచెం పదునైన కత్తెర. అందుకే తెప్పపేటవైపు చేపపిల్లలు తగ్గుతున్నాయి.

"తీరిక దొరికేదాకా వీటికి పగ లేదండి," అన్నాడు అమృతరావు.

ఆ సంగతి ఊళ్ళలో చెప్పవద్దనుకున్నారు. కానీ తెప్పపేటలో అప్పటికే ఇంకో మాట పుట్టింది. రేవుగడ్డవాళ్ళు నీళ్ళలో విషం కలుపుతున్నారని, అందుకే మన చేపపిల్లలు తగ్గాయని. ఆ మాట ముదిరితే ఏమవుతుందో కాదంబరికి తెలుసు. అందుకని ఆమె మేనమామ ఇంటికి వెళ్ళి, విషమేదీ లేదని, ఇది ఎవరూ కావాలని చేసింది కాదని, శుక్రకణాల్లోని ఎంజైమ్ చేస్తున్న పని అని మొదటినుంచీ విడమరిచి చెప్పింది. త్రిమూర్తులు ఓపిగ్గా విన్నాడు. ఆయన మొరటువాడు కాడు. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు నేర్పింది ఆయనే.

"అయితే అమ్మాయ్," అన్నాడు చివరికి, "ఆళ్ళ మగచేపలు మన చేపల్ని పుట్టకముందే తెగ్గోసేత్తన్నాయి. అంతేగా నువ్వు చెప్పేది?"

"అంతే గానీ మావయ్యా, దాన్ని సరిచెయ్యడానికి..."

"అర్థమైంది. నువ్వెళ్ళు."

ఆమె మేలు చేశాననుకుని తిరిగొచ్చింది.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చిన వేళ, తెప్పపేట పడవలన్నీ ఒక్కసారిగా బుడ్లు దాటాయి. రేవుగడ్డ మగచేపల వలగదుల మీద పడ్డాయి. మనుషుల జోలికి పోవద్దని, మగచేపలను మాత్రమే చంపమని త్రిమూర్తులు చెప్పాడని తర్వాత అందరూ అన్నారు. బల్లేలతో పొడిచారు, గొడ్డళ్ళతో వలతాళ్ళు నరికారు. పొట్టలు చీలిన మగచేపలలోంచి పాలు కారి నీళ్ళు తెల్లబడ్డాయి. రేవుగడ్డ ఆడా మగా తెడ్లతోనూ కత్తిపీటలతోనూ పరుగెత్తుకొచ్చారు. తల పగిలినవాడు వలలో చిక్కుకుని చేపల మధ్యే మునిగాడు. ఒక ముసలాయన తన వలగది తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడితే, బల్లెం ఆయనలోంచి వెదురులోకి దిగి, ఆయన నిలబడే ప్రాణం విడిచాడు. గుడ్లపడవ మీదనుంచి కాదంబరీ అమృతరావూ చూస్తూ ఉండిపోయారు. సాయంకాలానికి వాళ్ళ పడవ చుట్టూ నీళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

అమృతరావు ఆమెను ఒక్కటే అడిగాడు. మీ మావయ్యకు చెప్పారా అని. చెప్పానంది. అతను లోపలికి వెళ్ళి, గాయపడ్డవాళ్ళకు కుట్లు వేసే సామాను తీశాడు.

మంగతాయారు ఆ వారంలోనే బదులు తీర్చింది. గాలి తెప్పపేటవైపు తిరిగిన రోజు చూసి, చేపనూనె పీపాలను పడవలకు కట్టి, నిప్పంటించి వదిలింది. వెదురు తెప్పలు వరసంతా అంటుకున్నాయి. మంటకు భయపడి నీళ్ళలో దూకినవాళ్ళ కోసం రేవుగడ్డ పడవలు బల్లేలతో కాచుకుని ఉన్నాయి.

*

అమృతరావు వాదన ఒక్కటే. మేలుకొలుపును వెనక్కి తీసుకోవాలి. అది లేనప్పుడు మనుషులు చేపను నిలువునా కోసి పంచుకున్నారు. కాదంబరి ఒప్పుకోలేదు. ఆ పంచుకున్న రోజుల్లో తల్లిపాలు లేక చనిపోయిన పసిపిల్లల ముఖాలు ఆమెకు గుర్తున్నాయి. ఆకలితో కట్టేసి ఉంచే శాంతి తనకు వద్దంది. ఇద్దరూ మొదటిసారి గొంతులు పెంచుకున్నారు.

చివరికి దారి చూపింది సూక్ష్మదర్శినిలో చూసిన ఆ చుక్కే. శుక్రకణాలు పది నిమిషాల దాకా పోట్లాడవు. గుడ్డును చేరడానికి అయిదు నిమిషాలు చాలు. అయిదో నిమిషం దాటాక వాటిని తిరిగి నిద్రపుచ్చగలిగితే పిల్లలు పుడతాయి, కత్తెరకు పని ఉండదు. ఆ నిద్రపుచ్చే ఎంజైమ్‌ను వాళ్ళు ఒక ఆకుపచ్చ నాచులో పెంచారు. నాచును నీళ్ళలో వదిలితే అదే పెరుగుతూ పాకుతూ కలుపునీళ్ళంతా వ్యాపిస్తుంది. దీనికి కాదంబరి పేరు పెట్టింది, జోల అని.

తొట్టెల్లో జోల నూటికి నూరుపాళ్ళూ పనిచేసింది. రెండు వంశాల గుడ్లూ సమానంగా పొదిగాయి. ఇక ఊరిపెద్దలిద్దరినీ పడవ మీదకు పిలిచి చెప్పడమే మిగిలింది. ఇద్దరూ వచ్చారు. చెరి నలుగురు మనుషులతో, చేతుల్లో బల్లేలతో.

త్రిమూర్తులు ముందుగా కాదంబరిని పక్కకు పిలిచాడు. ఈ జోల మన చేపలను వదిలేసి, ఆళ్ళ చేపలను మాత్రం నిద్రపుచ్చేలా చెయ్యవచ్చా అని అడిగాడు. అయిదు నిమిషాలకు కాదు, మొదటి క్షణానికే. ఆమె కుదరదంది. కుదురుతుంది. రెండు వంశాల పైపొరలు వేరు గనుక నెల రోజుల పని. అబద్ధం చెప్పి ఆమె ఇవతలకు వచ్చేసరికి అమృతరావు ముఖం పాలిపోయి ఉంది. అవతలి మూల మంగతాయారు తమ్ముణ్ణి అడిగింది కూడా అదే.

ఇద్దరు శాస్త్రవేత్తలూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అమృతరావు బల్ల మీదున్న నాచుజాడీ రెండు చేతులా ఎత్తుకుని, పడవ అంచువైపు నడిచాడు.

"జాడీ దింపవయ్యా," అన్నాడు త్రిమూర్తులు.

"అందరికీ ఒకటేనండి. అక్కా, నీకూ చెప్తున్నాను. అందరికీ ఒకటే," అన్నాడు అమృతరావు. జాడీ వంచాడు.

త్రిమూర్తులు బల్లెం విసరలేదు. రెండడుగులు వేసి, గోనెసంచిలో కర్ర దింపినట్టు దింపాడు. అది పక్కటెముకల కింద దిగి ఇటు బయటికొచ్చింది. అమృతరావు జాడీ వదల్లేదు. వంగినవాడు వంగినట్టే అంచుమీదకు వాలి, చివరి చుక్క దాకా ఒంపి, దానితోపాటే నీళ్ళలో పడ్డాడు. ఆకుపచ్చ రంగూ ఎరుపూ కలిసి కాసేపు సుడి తిరిగాయి. మంగతాయారు పడవ అంచున వంగి నీళ్ళకేసి చెయ్యి చాచింది. ఆమె మనుషులు త్రిమూర్తులు మనుషుల మీద పడ్డారు. పడవ మీద ఆ కాసేపట్లో అయిదుగురు చచ్చారు. కాదంబరి అంచు దగ్గర కూర్చుని, తేలిన అమృతరావు చొక్కా అంచు పట్టుకుని, ఎవరో వచ్చి విడిపించేదాకా వదల్లేదు.

*

జోల బాగా పనిచేసింది. తర్వాతి వానాకాలానికి నీళ్ళలో రెండు వంశాలూ కలిసిపోయి, ఏది ఎవరి చేపో చెప్పలేని ఒకే చేప మిగిలింది. కాదంబరి తీసిన ప్రతి చుక్కలోనూ కణాలు పరుగెత్తి, గుడ్డును చేరి, మిగిలినవి ఒకదాని పక్కన ఒకటి నెమ్మదిగా నిద్రపోయేవి.

మనుషులే ఆగలేదు. వల వేయడానికి పడవ బయటపెడితే బల్లెం వచ్చేది. అందుకని ఎవరూ వల వేయలేదు. మగవాళ్ళంతా కాపలాలోనే ఉన్నారు. చేపలు కిక్కిరిసి, ఊపిరాడక, తెట్టెలు తెట్టెలుగా తేలి కుళ్ళాయి. ఆ కంపు మధ్య రెండూళ్ళూ ఎండుచేపల అడుగుముక్కలు నానబెట్టుకుని తిన్నాయి. కొన్ని ఇళ్ళలో మగవాళ్ళే మిగల్లేదు. అక్కడ కాపలాకు ఆడవాళ్ళు నిలబడ్డారు.

ఒక ఉదయం మంగతాయారు ఒంటరిగా తెడ్డు వేసుకుంటూ గుడ్లపడవకు వచ్చింది. చేతిలో ఆయుధం లేదు. మనిషి సగమైపోయింది. బల్లమీద కూర్చుని, ఊళ్ళో ఒక మాట అనుకుంటున్నారని చెప్పింది. మేలుకొలుపు చేపల్లోంచి మనుషుల్లోకి వచ్చిందని, ఆ చేపలు తినబట్టే మనుషులకు ఈ పిచ్చి పట్టిందని. తెప్పపేటలోనూ అదే అనుకుంటున్నారట.

కాదంబరి ఆమె రక్తం తీసి పరీక్షకు పెట్టింది. పెట్టకముందే జవాబు తెలుసు. ఎంజైమ్ కూడా ఒక మాంసకృత్తే. పొయ్యి మీద ఉడికితే విరిగిపోతుంది. పచ్చిగా తిన్నా కడుపులో అరిగిపోతుంది. రక్తంలోకి రాదు. వచ్చినా అది తోకను ఆడిస్తుందే తప్ప మనసును కాదు. యంత్రం తన తెరమీద అదే చూపించింది. ఏమీ లేదు.

ఆమె వెనక్కి తిరిగేసరికి మంగతాయారు తన రెండు అరచేతులూ చూసుకుంటోంది.

"మంటకి భయపడి దూకిన పిల్ల ఒకత్తి నా పడవ అంచు పట్టుకుంది," అంది. "చేతి ఏళ్ళ మీద కొట్టాను. తెడ్డుతో. ఒదిలేదాకా కొట్టాను. నేనెప్పుడూ కోడిపిల్లని కూడా కొయ్యలేదు డాక్టరమ్మా. అది ఆ ఎంజైమ్ వల్లేనని చెప్పు. కాదని మాత్రం చెప్పకు."

కాదంబరి తెర ఆర్పేసి, అవును, ఎంజైమే, అంది. దానికి మందు కూడా ఉందంది. జోలనే మనుషులకు సరిపడేలా మార్చానని, ఒక గ్లాసు తాగితే ఒంట్లోని ఎంజైమ్ విరిగిపోతుందని చెప్పింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మందు అంటే కలుపునీళ్ళు. వాటినే కాచి, రంగు కోసం ఉడికిన నాచు ఒక పిడికెడు వేసింది. కబురు రెండూళ్ళకూ వెళ్ళింది. రెండో రోజునుంచి పడవలు రావడం మొదలైంది. మొదట ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు. బల్లేలు పడవ అంచుకు ఆనించి ఎక్కి, గ్లాసు పుచ్చుకుని, కళ్ళు మూసుకుని తాగేవారు. కొందరు తాగగానే భోరుమన్నారు. భర్తను పొడిచినవాణ్ణి గుర్తుపట్టిన ఒక ఇల్లాలు, వాడు తాగేదాకా చూసి, 'నువ్వు కాదులే, అదేలే' అని వాడి భుజం తట్టింది. వెళ్ళేటప్పుడు చాలామంది బల్లేలు తీసుకువెళ్ళడం మరిచిపోయారు. వారం తిరిగేసరికి ఎర్ర బుడ్లు విప్పేశారు. వలలు నీళ్ళలోకి దిగాయి.

అందరూ తాగాక, చివర్న త్రిమూర్తులు వచ్చాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. పడవ మీద ఇంకెవరూ లేరు. ఆయన రాక కోసం కాదంబరి రోజూ ఎదురుచూస్తూనే ఉంది. ఆయన గ్లాసు వేరే కలిపి ఉంచింది. నమూనా చేపలను నొప్పి తెలియకుండా చంపడానికి ల్యాబులో ఒక మందు వాడేవారు. దానికి రంగూ వాసనా లేవు. ఆ గ్లాసులో నాచునీళ్ళతోపాటు అది, మనిషికి సరిపడా ఉంది.

త్రిమూర్తులు పీటమీద కూర్చున్నాడు. గ్లాసు అందుకుని చేతిలో తిప్పుతూ, అమృతరావు మంచి మనిషనీ, తను చంపలేదనీ, ఆ ఎంజైమే తన చేత చంపించిందనీ అన్నాడు. ఊరంతా అదే అంటోందన్నాడు. ఆ రోజు తన చెయ్యి తనది కాదన్నాడు. కాదంబరి అవునన్నట్టు తలూపింది. ఆయన గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"ఒకటే నాకు అర్థం కాలేదమ్మాయ్. నువ్వూ అయ్యే చేపలు తిన్నావు కదా. నా ఇంట్లో, నా కంచంలోవే తిన్నావు. మరి నువ్వెందుకు ఎవర్నీ చంపలేదు?"

ఆయన వెటకారంగా అడగలేదు. లెక్క తప్పినచోట వేలుపెట్టి చూపినట్టు, చిన్నప్పుడు పలకమీద చూపినట్టు అడిగాడు. కాదంబరి చెయ్యి చాచి ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుంది. తాగొద్దు, అది పాతబడిపోయింది, వేరేది ఇస్తానంటూ దాన్ని కాళ్ళ పక్కనున్న తొట్టెలో కుమ్మరించింది. కుండలోంచి అందరికీ పోసిన నాచునీళ్ళే ముంచి తెచ్చి ఇచ్చింది.

ఆ తొట్టెలో వేలెడంత చేపపిల్లలున్నాయన్న సంగతి ఆమెకు తోచలేదు. త్రిమూర్తులు సగం గ్లాసు తాగి కిందికి చూసేసరికి ఒక పిల్ల పక్కకు ఒరిగింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి తొట్టె నిండా తెల్లటి పొట్టలు పైకి తేలాయి.

ఆయన వాటిని చూశాడు. గ్లాసులో మిగిలిన నీళ్ళను నాలుకతో మళ్ళీ రుచి చూశాడు. ఆరు పదుల ఏళ్ళుగా ఆయన పుక్కిలించిన, స్నానం చేసిన, మునిగి తేలిన కలుపునీళ్ళే అవి, మందు కాదు. ఆ తర్వాత మేనకోడలి ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకోలేదు.

దూరాన రేవుగడ్డవాళ్ళు, తెప్పపేటవాళ్ళు ఒకే పొడుగాటి వలను చెరో చివరా పట్టుకుని లాగుతున్న కేకలు వినిపిస్తున్నాయి.

త్రిమూర్తులు గ్లాసు ఖాళీ చేసి ఆమెముందు పెట్టాడు.

"కుండలోంచి ఇంకోటి పొయ్యమ్మా," అన్నాడు. "నీక్కూడా పోసుకో."